మాంటేగు దొర మంచివాడే... మరి మన రాష్ట్రం మాటేమిటి?

బ్రాడీపేట లైన్లలో పోటీ పరీక్షల పుస్తకాలు మోసుకు తిరిగే కుర్రాళ్లను ఆపి, మాంటేగు ఎవరని అడగండి. టక్కున చెబుతారు. మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు, 1919, ద్వంద్వ పాలన. ఒక బిట్టు, ఒక మార్కు. ఆపైన ఆ దొరతో మనకు పని లేదు. బ్రాడీ, అరండల్ అనే దొరల పేర్లు మన ఇంటి చిరునామాల్లో ఇప్పటికీ బతుకుతున్నాయి. అలాంటి దొరలందరికీ పైన, లండన్‌లో కూర్చుని ముప్పై కోట్లమందిని ఏలిన మాంటేగుకు మాత్రం పరీక్ష పేపర్లో ఒక ఖాళీ మిగిలింది.

కానీ ప్రత్యేక రాష్ట్రం అనే మాట ఎత్తినవాళ్లెవరూ ఈ దొరను మరిచిపోకూడదు. మాకూ ఒక రాష్ట్రం కావాలి అని తెలుగువాళ్లు రాసుకున్న కాగితం, బ్రిటిష్ మంత్రివర్గ సభ్యుడి చేతికి అందింది ఈయన దగ్గరే. 1917 డిసెంబరులో, మద్రాసులో. ఆ కాగితం వెనక గుంటూరు ప్లీడర్లున్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి అదే గుంటూరు జిల్లా రైతులు, అదే దొర ఏలుబడిలో, శిస్తు కట్టం పొమ్మన్నారు. కాగితం పట్టిన చేయీ మనదే, కట్టం పొమ్మన్న చేయీ మనదే. ఈ రెండింటి నడుమ ఏం జరిగిందో చూస్తే, రాజధానిలో ఉన్న పెద్దమనిషి మంచితనం మీద ఆశ పెట్టుకున్న ఏ ఉద్యమానికైనా కళ్లు తెరుచుకుంటాయి.

ఎవరీ మాంటేగు?

ఎడ్విన్ శామ్యూల్ మాంటేగు 1879లో లండన్‌లో పుట్టాడు. తండ్రి శామ్యూల్ మాంటేగు పేరుమోసిన బ్యాంకరు, యూదుడు. కొడుకు కేంబ్రిడ్జిలో చదివి, అక్కడి విద్యార్థుల చర్చా సంఘానికి అధ్యక్షుడై, వక్తగా పేరు తెచ్చుకున్నాడు. 1906 ఎన్నికల్లో లిబరల్ పార్టీ తరఫున, 27 ఏళ్లు నిండకుండానే పార్లమెంటులో అడుగుపెట్టాడు. ఆస్క్విత్ అనే పెద్ద నాయకుడికి ఆంతరంగిక కార్యదర్శిగా కుదిరాడు. ఆస్క్విత్ ప్రధాని అయ్యాక ఈయన నక్షత్రమూ పైకి లేచింది. 1910 నుంచి 1914 దాకా ఇండియా వ్యవహారాల ఉపమంత్రి. తర్వాత ఖజానా శాఖలో కొలువు. 1916లో ఆయుధాల మంత్రి. ఆ ఏడాది చివర ఆస్క్విత్ గద్దె దిగితే ఈయనా దిగాడు. ఏడెనిమిది నెలలకే లాయిడ్ జార్జి పిలిస్తే, పాత గురువుగారి మనుషులు మొహం మాడ్చుకున్నా లెక్కచేయకుండా పోయి కుర్చీ ఎక్కాడు. రాజకీయం ఏ దేశంలో అయినా రాజకీయమే కదా!

ఆ కుర్చీ ఎలా దొరికిందన్నది ఇంకా రంజైన కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియాకు, అంటే ఇవాళ్టి ఇరాక్‌కు, మన సిపాయిలను పంపారు. మందులు లేవు, పడవలు లేవు, సరైన తిండి లేదు. 1916లో కుట్ అనే ఊళ్లో సైన్యానికి సైన్యం లొంగిపోయింది. విచారణ సంఘం నివేదిక 1917లో బయటికి రాగానే ఇండియా మంత్రి ఆస్టిన్ చాంబర్లేన్ రాజీనామా చేశాడు. సభలో చర్చ జరిగిన రోజు మాంటేగు లేచి ఇండియా ప్రభుత్వాన్ని చీల్చి చెండాడాడు. ఈ యంత్రం కొయ్యబారిపోయింది, తుప్పు పట్టింది, ఈ కాలానికి పనికిరాదు అన్న ధోరణిలో దులిపేశాడు. వారం తిరగకుండానే ఆ యంత్రాన్ని నడిపే పని ఆయనకే అప్పగించారు. తిట్టినవాడికే తాళంచెవి ఇచ్చారన్నమాట! అప్పటికి ఆయన వయసు 38.

ఇండియా మంత్రి అంటే మామూలు మంత్రి కాదు. వైస్రాయికి హుకుం ఇచ్చేవాడు. 1919 చట్టం వచ్చేదాకా ఆ మంత్రి జీతం కూడా మన దేశపు ఆదాయం నుంచే పోయేది. అంటే మన రైతు కట్టిన శిస్తులోంచి లండన్‌లో దొరకు జీతం. ఆ జీతం తీసుకునేవాణ్ణి ఎన్నుకునే హక్కు మనకు లేదు, దించే హక్కు అంతకన్నా లేదు.

వస్తుంది గానీ, ఎప్పుడొస్తుందో అడగొద్దు

1917 ఆగస్టు 20న మాంటేగు పార్లమెంటులో ఒక ప్రకటన చేశాడు. భారతీయులకు క్రమక్రమంగా బాధ్యతాయుత ప్రభుత్వం ఇవ్వడమే బ్రిటిష్ విధానమన్నాడు. దేశమంతా సంబరపడింది. కానీ అదే ప్రకటనలో ఇంకో ముక్క ఉంది. ఎప్పుడివ్వాలి, ఎంతివ్వాలి అన్నది నిర్ణయించేది మాత్రం తామేనన్నాడు.

ఈ మాట ఎక్కడో విన్నట్టుందా? 2004లో ఢిల్లీలో కొలువుదీరిన యూపీఏ సర్కారు తన కనీస ఉమ్మడి కార్యక్రమంలో తెలంగాణ గురించి ఏం రాసుకుంది? సంప్రదింపులు జరిపి, ఏకాభిప్రాయం కుదిరాక, తగిన సమయంలో పరిశీలిస్తామని. ఆ తగిన సమయం రావడానికి పదేళ్లు పట్టింది, ఎన్నో ప్రాణాలు పోయాయి. దొర వెళ్లిపోయాడు గానీ, దొర వాడిన వాక్యం ఇక్కడే ఉండిపోయింది. తేదీ వేయని చెక్కు ఏ బ్యాంకూ మార్చదు. తేదీ లేని హామీ కూడా అంతే.

మద్రాసులో అర్జీల జాతర

1917 నవంబరులో మాంటేగు బొంబాయిలో దిగాడు. ఇండియా మంత్రి పదవిలో ఉండగా ఇక్కడికి వచ్చి జనం మాట వినడం అప్పటికి కొత్త. వైస్రాయి చెమ్స్‌ఫర్డ్‌ను వెంటబెట్టుకుని ఊరూరా తిరిగి, అడిగిన వాళ్లందరికీ దర్శనమిచ్చాడు. డిసెంబరులో మద్రాసు వంతు వచ్చింది. హోంరూల్ అడిగినందుకు అనిబిసెంటును మద్రాసు సర్కారు నిర్బంధంలో పెట్టి అప్పటికి కొద్ది నెలలే. ఆవిడను విడిపించింది కూడా ఈయన పదవిలోకి వచ్చాకే. ఆమె వర్గం వచ్చింది. త్యాగరాయ చెట్టి ముందు నిలిచిన జస్టిస్ పార్టీ వర్గం వచ్చి, బ్రాహ్మణేతరులకు ప్రత్యేక స్థానాలు లేకుండా స్వపరిపాలన వద్దంది. వాటి నడుమ మన ఆంధ్ర మహాసభ కూడా వెళ్లింది.

ఆ మహాసభ రాత్రికి రాత్రి పుట్టుకురాలేదు. 1912 మేలో నిడదవోలులో కృష్ణా, గోదావరి, గుంటూరు జిల్లాల వాళ్లు కూడినప్పుడు తెలుగు ప్రాంతాలు వేరు కావాలన్న మాట పైకొచ్చింది. 1913 మే నెలలో మన బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు విశాఖ నుంచి వచ్చిన బయ్యా నరసింహేశ్వర శర్మ. గుంటూరు నుంచి కొండా వెంకటప్పయ్య పంతులుగారు ఊరూరా తిరిగి మద్దతు కూడగట్టారు. 1914లో బెజవాడ సభ, న్యాపతి సుబ్బారావు పంతులుగారి అధ్యక్షతన, ప్రత్యేకాంధ్ర రాష్ట్రం కావాలని తేల్చి చెప్పింది. 1915లో విశాఖ సభకు పానగల్ రాజా అధ్యక్షుడు. ఆ తర్వాత కాకినాడ, కడప. ఐదేళ్లపాటు ఏడాదికొక ఊరు తిరిగి పెరిగిన గొంతు అది.

ఆ గొంతు అడిగింది ఏమిటి? మద్రాసు రాజధానిలో సగం నేల తెలుగు నేల. ఉద్యోగాల్లో, కాలేజీల్లో, సర్కారు ఖర్చులో తెలుగువాడి వాటా దక్కడం లేదు. మా భాషలో మా పాలన మేం చేసుకుంటాం. ఇంతే! నీళ్లు, నిధులు, కొలువులు అని తర్వాతి తరాలు అరిచిన అరుపుకు తొలి గొంతు అదే.

దొర విన్నాడు. మర్యాదగా విన్నాడు. ఆయన మర్యాదస్తుడని శత్రువులు కూడా ఒప్పుకుంటారు. అర్జీ పుచ్చుకున్నాడు, రైలెక్కాడు.

జవాబు: ఇప్పుడు కాదు

1918లో నివేదిక వచ్చింది. అందులో భాషా రాష్ట్రాల మీద ఏముందో శ్రద్ధగా చూడాలి. చిన్నవిగా, ఒకే తీరు జనంతో ఉండే రాష్ట్రాలైతే పాలన సుళువవుతుందని మాంటేగు, చెమ్స్‌ఫర్డ్ ఇద్దరూ ఒప్పుకున్నారు. వాదన తప్పని ఎక్కడా అనలేదు. కానీ ముందు సంస్కరణలు రావాలి, పంపకాల సంగతి తర్వాత అక్కడి జనమే చూసుకోవచ్చు అని దాటేశారు. ఈలోగా 1918 ఫిబ్రవరిలో బి.ఎన్. శర్మగారు ఢిల్లీ శాసన మండలిలో భాషను బట్టి రాష్ట్రాలను మార్చాలని తీర్మానం పెట్టారు. అదీ నెగ్గలేదు.

మీ మాట నిజమే, కానీ ఇప్పుడు కాదు. ఉద్యమకారుడికి ఇంతకంటే ప్రమాదకరమైన జవాబు మరొకటి లేదు. కాదంటే కోపమొస్తుంది, జనం రోడ్డెక్కుతారు. నిజమే అంటే ఆశ పుడుతుంది, జనం ఇంటికి పోతారు. ఆ తర్వాత ఎన్ని కమిటీలు చూశాం! 1948లో ధర్ కమిషన్, 1949లో జె.వి.పి. కమిటీ, 2010లో శ్రీకృష్ణ కమిటీ. వాటన్నిటికీ తాత ఈ మాంటేగు నివేదిక.

ప్రభుత్వం ఇవ్వంది, అదే కాలంలో కాంగ్రెస్ ఇచ్చింది. కలకత్తాలో గట్టి వాదులాట జరిగింది. అధ్యక్షస్థానంలో ఉన్న అనిబిసెంటే అడ్డుపడింది. సంస్కరణలు వచ్చేదాకా ఆగితే బాగుంటుందని గాంధీగారికీ అనిపించింది. తిలక్ పట్టుబట్టి మన వైపు నిలిచాడు. 1918లో ఆంధ్రకు వేరే కాంగ్రెస్ సంఘం ఏర్పడింది. న్యాపతివారు అధ్యక్షుడు, కొండావారు కార్యదర్శి. దొర నివేదికలో దొరకని ఆంధ్ర, మనవాళ్ల సభ్యత్వ రశీదు పుస్తకంలో దొరికింది. మూడేళ్ల తర్వాత ఊళ్లు కదిలినప్పుడు కదిలించింది ఈ సంఘమే.

ద్వంద్వ పాలనకు గుంటూరు జిల్లా వేసిన మార్కులు

1919 చట్టం అధికారాన్ని రెండు ముక్కలు చేసింది. విద్య, వైద్యం, మునిసిపాలిటీల వంటివి మన మంత్రులకు. శిస్తు, పోలీసు, మద్రాసు రాజధానిలో అడవులు గవర్నరు చేతిలోనే. పెత్తనం ఉన్న శాఖలు దొరకు, పేరున్న శాఖలు మనకు. ఓటు హక్కు ఆస్తిని బట్టి కొద్దిమందికే. ఇది పుస్తకంలో చదివితే పరీక్ష బిట్టు. గుంటూరు జిల్లా మాత్రం దీన్ని ఒంటిమీద అనుభవించింది.

చీరాల చూడండి, అప్పట్లో మన జిల్లాయే. చీరాల, పేరాల ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేశారు. పన్ను ఒక్కసారిగా పెరిగిపోయింది. నేతగాళ్లు, చిన్న రైతులు, కూలీలు ఎక్కువున్న ఊరు అది. కట్టలేమన్నారు. మునిసిపాలిటీ ఎత్తేయమన్నారు. ఈ శాఖ దొర చేతిలో లేదు, మన మంత్రి చేతిలోనే ఉంది. ఆ మంత్రి పానగల్ రాజా. 1915లో విశాఖ ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన ఆ రాజావారే! కానీ మునిసిపాలిటీ పోలేదు. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద, సుమారు పదిహేను వేల జనాభాలో అత్యధిక భాగం ఊరు విడిచి, హద్దు దాటి పాకలు వేసుకుంది. ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకుంది. ఎండకు ఎండి, వానకు తడిసి దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉంది. దుగ్గిరాలను జైల్లో వేశారు. చివరికి జనం తిరిగి ఇళ్లు చేరక తప్పలేదు.

ఇక పెదనందిపాడు. ఇది శిస్తు సంగతి, గవర్నరు చేతిలో ఉన్న శాఖ. 1922 జనవరిలో ఫిర్కా ఫిర్కా అంతా శిస్తు కట్టడం మానేసింది. మునసబులు, కరణాలు రాజీనామాలు పడేశారు. పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన శాంతిసేన ఊరూరా కాపలా కాసింది. కలెక్టరు రూథర్‌ఫర్డ్ సైనికులను దింపాడు, జప్తులు పెట్టాడు. జప్తు చేసిన గొడ్డును వేలంలో కొనేవాడు లేడు. తెల్లదొర కచేరీ నడిచేది తుపాకీ మీద కాదు, కరణం దస్త్రం మీద అని అప్పుడు తేలిపోయింది. కానీ గాంధీగారి ఆదేశంతో ఫిబ్రవరిలో ఉద్యమం ఆగింది. రైతులు శిస్తు కట్టేశారు.

పల్నాడులో అడవి సంగతి. అదీ గవర్నరు చేతిలోదే. పశువు మేపినందుకు పుల్లరి కట్టమంటే కట్టనన్న కన్నెగంటి హనుమంతు, 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు తూటాలకు నేలకొరిగాడు.

ఒకే జిల్లా, ఒకే ఏడాది. ఒక కష్టానికి కారణం మన మంత్రి, రెండు కష్టాలకు కారణం దొర సర్కారు. మాంటేగు రెండు ముక్కలు చేసి ఇచ్చిన అధికారంలో ఏ ముక్క దగ్గరికి పోయినా గుంటూరు రైతుకు, నేతగాడికి దెబ్బ తప్పలేదు. ద్వంద్వ పాలన విఫలమని ఆ తర్వాత ఎంతోమంది మేధావులు పుస్తకాలు రాశారు. మన జిల్లా జనం వాళ్లకంటే ముందే తేల్చేశారు.

ఆయన కథ ఎలా ముగిసింది?

మాంటేగును దుర్మార్గుడని తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక. అది నిజం కాదు. తిడితే మన పాఠం కూడా చెడిపోతుంది. 1919లో జలియన్‌వాలా బాగ్‌లో డయ్యర్ కాల్పులు జరిపించాడు. 1920 జూలైలో పార్లమెంటులో చర్చ వచ్చినప్పుడు, భయపెట్టి, జాతిని అవమానించి ఇండియాను ఏలుతారా అని సొంత సభనే నిలదీసినవాడు మాంటేగు. ఎదుటి బెంచీలు అరిచాయి. ఆయన యూదుడని గుర్తుచేసి మరీ ఎగతాళి చేశాయి. ప్రభువుల సభ డయ్యర్ వైపు ఓటేసింది. ఒక పత్రిక డయ్యర్ కోసం చందాలు వసూలు చేస్తే 26 వేల పౌండ్లు పోగయ్యాయి. సొంత దేశంలో అంత ద్వేషం మోసి నిలబడ్డ మనిషిని తక్కువచేయనక్కర్లేదు.

అదే మనిషి మంత్రిగా ఉండగానే రౌలట్ చట్టం వచ్చింది. దాన్ని ఆపే అధికారం చేతిలో ఉండీ ఆపలేదు. మనసుకు నచ్చకపోయినా సంతకానికి అడ్డు రాలేదు. మంచి మనిషికీ మంచి పాలకుడికీ మధ్య దూరం ఎంతో కొలవాలంటే ఈ ఒక్కటి చాలు. ఆయన మనసు ఆయనదే. చేయి మాత్రం మంత్రివర్గానిది.

చివరకు ఆయన పడింది మన రాష్ట్రం కోసమో, మన శిస్తు కోసమో కాదు. యుద్ధంలో ఓడిన టర్కీ మీద పెట్టిన షరతులు సడలించమని వైస్రాయి పంపిన తంతిని, మంత్రివర్గాన్ని అడక్కుండా పత్రికలకు విడుదల చేయనిచ్చాడు. లాయిడ్ జార్జి రాజీనామా అడిగాడు. 1922 మార్చి 9న పదవి పోయింది. మర్నాడే ఇక్కడ గాంధీగారిని అరెస్టు చేశారు. ఆ నవంబరు ఎన్నికల్లో మాంటేగు పార్లమెంటు సీటు కూడా ఓడిపోయాడు. 1924 నవంబరులో, 45 ఏళ్లకే చనిపోయాడు. పదవిలో ఉన్నన్నాళ్లు వైస్రాయిలను ఆడించినవాడు, పదవి పోయాక రెండున్నరేళ్లు తిరిగి కోలుకోలేదు. మన అర్జీ ఏ బీరువాలో ఉందో పట్టించుకునేవాడు ఆ తర్వాత ఇంకెవడు?

పెద్దమనిషి మారినప్పుడల్లా అర్జీ మొదటి నుంచి మళ్లీ రాసుకోవాలి. ఉద్యమాల్లో తిరిగిన మాబోటివాళ్లకు ఈ అనుభవం కొత్త కాదు. మంత్రి మారితే ఫైలు మారుతుంది, ఫైలు మారితే తేదీ మారుతుంది. మారనిది జనం ఒక్కరే.

మరి రాష్ట్రం ఎలా వచ్చింది?

మాంటేగుకు అర్జీ ఇచ్చిన పద్దెనిమిదేళ్లకు, 1936 ఏప్రిల్ 1న, ఒరిస్సా ఏర్పడింది, సింధు ఏర్పడింది. ఆంధ్ర ఏర్పడలేదు. స్వరాజ్యం వచ్చింది, ఢిల్లీలో మనవాళ్లు కూర్చున్నారు. జవాబు మారలేదు. జె.వి.పి. కమిటీలో సాక్షాత్తూ ఆంధ్రోద్యమంలో పెరిగిన పట్టాభిగారే సభ్యుడు. అయినా తేలలేదు. 1952 అక్టోబరు 19న పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షకు కూర్చున్నారు. డిసెంబరు 15న కన్నుమూశారు. తెలుగు జిల్లాలు భగ్గుమన్నాయి. నాలుగు రోజుల్లో నెహ్రూగారి నోట ఆంధ్ర రాష్ట్రం మాట వచ్చింది. 1953 అక్టోబరు 1న రాష్ట్రం వచ్చింది. మాంటేగు చేతిలో కాగితం పెట్టి అప్పటికి దాదాపు 36 ఏళ్లు. ముప్పై ఆరేళ్లలో రాని సమయం నాలుగు రోజుల్లో ఎలా వచ్చింది? తగిన సమయం అనేది గడియారంలో లేదు. అడిగేవాడి సత్తువలో ఉంది.

వచ్చిన రాష్ట్రానికి రాజధాని కర్నూలు, హైకోర్టు మన గుంటూరు. 1956లో విశాలాంధ్ర పేరుతో రెండూ హైదరాబాదుకు తరలిపోయాయి. పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు, అమలు మరిచారు. 1969లో తెలంగాణ లేచింది. 1972లో మన జిల్లాలు జై ఆంధ్ర అన్నాయి. 1973లో ఆరు సూత్రాల పథకం అనే మందు పూసి రెండు గాయాలనూ కప్పేశారు. కప్పిన గాయం మానుతుందా? 2009 డిసెంబరు 9న హోంమంత్రి చిదంబరం తెలంగాణ ప్రక్రియ మొదలవుతుందన్నాడు. అదే నెల 23న విస్తృత సంప్రదింపులు కావాలన్నాడు. ఒకే నోటితో రెండు వారాల్లో రెండు మాటలు! 2014 జూన్ 2న అది ముగిసింది. ఎవరికి సంతోషం, ఎవరికి దుఃఖం అన్నది వేరే చర్చ. కానీ దారి మాత్రం ఒకటే. లండన్ వేసిన దారిలోనే ఢిల్లీ నడిచింది.

మనం రాసుకోవలసిన లెక్క

మొదటిది. ఎంత గొప్ప పేరున్న నాయకుడైనా, ఎంత మంచి మనసున్నవాడైనా, అతని వెనక ఉన్న మంత్రివర్గం, పార్టీ, ఓట్లు ఒప్పుకున్నంతవరకే మనకు పనికొస్తాడు. అతని ఫొటో పక్కన నిలబడటం విజయం కాదు. అపాయింట్‌మెంట్ దొరికిందని బాణసంచా కాల్చే నాయకులను చూస్తే జాలేస్తుంది. 1917లోనే దొరికింది అపాయింట్‌మెంటు!

రెండోది. మన కుర్చీల సంగతి. రాష్ట్రాల పునర్విభజన తీర్మానం పెట్టిన శర్మగారు 1920లో వైస్రాయి కార్యవర్గంలో సభ్యుడయ్యారు. ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిన పానగల్ రాజా మద్రాసులో మంత్రయ్యారు. వాళ్లు మామూలు మనుషులు కారు, సమర్థులు. పానగల్ రాజా బ్రాహ్మణేతరులకు కొలువుల్లో తలుపులు తెరిచినవాడు కూడా. అయినా చీరాల పాకల్లో వానకు తడిసిన నేతగాడికి ఆ సమర్థత ఏ గొడుగూ పట్టలేదు. ఉద్యమం తన మనిషిని కుర్చీలోకి పంపితే సరిపోదు. పంపిన తర్వాత అతన్ని అడిగే హక్కు కూడా అట్టిపెట్టుకోవాలి.

మూడోది అందరికంటే మనకే చేదు. 1913 బాపట్ల సభలోనే రాయలసీమ, ఉత్తర జిల్లాల వాళ్లు సందేహం చెప్పారు. రాష్ట్రం వస్తే కృష్ణా, గుంటూరు వాళ్లే పెత్తనం చేస్తారేమో అన్నారు. ఆ సందేహం తీర్చడానికి 1937 నవంబరు 16న శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. అందులో మాట ఎంత నిలబెట్టుకున్నామో సీమవాళ్లను అడగండి, చెబుతారు. మాంటేగు మనతో అన్న మాటనే మనం మన పక్కవాడితో అంటే, మీది నిజమే గానీ ఇప్పుడు కాదు అంటే, మనకూ దొరకూ తేడా ఏముంది? ప్రత్యేకం అనే మాట ఎవడికి వాడు సొంతం చేసుకునేది కాదు. అడిగే హక్కు నాకుంటే, నన్ను అడిగే హక్కు నా పక్క జిల్లాకూ ఉంటుంది.

నాలుగోది. చీరాల ఓడింది, పెదనందిపాడు ఆగిపోయింది, హనుమంతు పోయాడు. అవన్నీ గెలిచాయని అబద్ధం చెప్పనక్కర్లేదు. కానీ వినతిపత్రం దొరలకు తెలుగువాడి తెలివిని చూపితే, ఆ ఏడాది తెలుగువాడికి తన బలం చూపింది. ఆ బలం ముప్పై ఏళ్లు నిలవ ఉండి 1952 డిసెంబరులో పనికొచ్చింది. అర్జీ రాయొద్దని కాదు. రాయండి, చక్కగా రాయండి, లెక్కలతో రాయండి. గుంటూరు ప్లీడర్లు రాసినట్టు రాయండి. కానీ దాని కింద సంతకం పెట్టేది మహజరులో నలుగురు కాదు, ఫిర్కా ఫిర్కా అంతా అయ్యుండాలి.

ఇక పరీక్షకు చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. మాంటేగు ఏ సంవత్సరం అంటే 1919 అనే రాయండి, మార్కు వస్తుంది. కానీ ఆ బిట్టు పక్కన మూడు పేర్లు కూడా రాసి పెట్టుకోండి. చీరాల, పెదనందిపాడు, మించాలపాడు. మాంటేగు ఇచ్చినదాని విలువ ఎంతో ఆ మూడు ఊళ్లకే తెలుసు.